కీ.శే. తోమాగారి అభిప్రాయం

హైదరాబాద్,
9 ఆగస్టు 2004

నిర్మలత్తయ్యకు వందనాలు.

మోకాలు ఎలా ఉంది? నేను పంపిన తైలం రాసుకుంటున్నారా, లేక వచ్చినవాళ్ళందరికీ చూపించి బీరువాలో పెట్టేశారా?

ఈ ఉత్తరం కాస్త కుర్చీలో కూర్చుని చదవండి. వచ్చే శుక్రవారం మా సినిమా విడుదలవుతోంది. ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ వేస్తున్నారు. పేరు 'ఏవండీ భూతంగారూ'. ఏం రాస్తున్నావే అని మీరు అడిగినప్పుడల్లా "కామెడీ అత్తయ్యా" అని తప్పించుకున్నాను. అబద్ధం కాదు, కామెడీయే. కానీ కథ కొత్తది కాదు. ఆ 'కొల్లేటి భూతం' సినిమానే మళ్ళీ తీశారు.

ఇప్పుడు మీరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి ఉంటారు. మళ్ళీ పెట్టుకోండి, ఇంకా ఉంది.

నాన్న పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ సినిమాలో భూతం వేషం వేశారని ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు. మీ హాస్టల్లో ఆరో తరగతి చదువుతుండగా ఒక పిల్ల "భూతం కూతురా" అని పిలిస్తే ఏడ్చుకుంటూ మీ గదికి వచ్చాను. "మీ నాన్న దగ్గర ఆ మాట ఎత్తకు, ఆయనకి బాధ" అన్నారు మీరు. అమ్మ పోయి అప్పటికి ఐదేళ్ళు. ఉన్న బాధ చాలదా అనుకుని నేనూ ఎత్తలేదు. దయ్యం వేషం కట్టాడని సంఘపెద్దలు ఆయన్ని ఆరు నెలలు చర్చిలో ప్రభువు బల్లకి, ఆ రొట్టె ద్రాక్షరసాలకి రానివ్వలేదని, చాలా ఏళ్ళ తర్వాత పక్కింటి పాపాయమ్మగారు చెబితే తెలిసింది.

అలాంటిది, ఆ సినిమా మళ్ళీ తీద్దామని డైరెక్టరుగారు అన్న రోజున నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మాటలు రాయడంలో సాయం చేస్తానన్నాను. పాత భూతం మా నాన్నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పాత కథ మీకు తెలుసు. కొల్లేట్లోంచి భూతం లేస్తుంది, జాలర్లని ఎత్తుకుపోతుంది, హీరో బల్లెంతో పొడిచి చంపుతాడు. మా భూతం కూడా కొల్లేట్లోంచే లేస్తుంది. తీరా లేచి చూస్తే సరస్సు లేదు, అన్నీ చేపల చెరువులు, గట్లు. పైగా అది చాలా మర్యాదస్తురాలు. అడక్కుండా ఎవరినీ మింగదు. దాన్ని చూసి జనం పారిపోరు. మా అన్నని మింగమంటారు, మా బాబాయిని మింగమంటారు. పొలం కలిసొస్తుందని వరసలో నిలబడతారు. మిగతాది తెరమీద చూడండి.

అత్తయ్యా, నాకో పని చేసిపెట్టాలి. మొదటి రోజే వెళ్ళి చూడండి. మీకు నచ్చిందో లేదో తర్వాత. జనం ఎక్కడ నవ్వారు, బయటికొచ్చి ఏమనుకున్నారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. మా ఆఫీసువాళ్ళు అంతా బాగుందనే అంటారు. ముప్ఫై ఏళ్ళు హాస్టల్ వార్డెనుగా ఉన్నవాళ్ళకి గుసగుసలు వినపడినట్టు ఇంకెవరికీ వినపడవు.

నేను పదకొండున మా డైరెక్టరుగారి తర్వాతి సినిమా షూటింగుకి మారేడుమిల్లి వెళుతున్నాను. అడవిలో ఫోన్లు పనిచెయ్యవు. కింద రాసిన అతిథిగృహం అడ్రసుకి ఉత్తరం వేస్తే రాజమండ్రి నుంచి మా బండిలో వస్తుంది. షూటింగ్ అయ్యాక నేనే ఊరికొచ్చి నాన్నకి చెబుతాను. అందాకా ఆయనకి తెలియనివ్వకండి. సినిమాలు చూడరు కదా, తెలిసే దారి కూడా లేదు.

మీ
క్యాథరిన్


ఏలూరు,
14 ఆగస్టు 2004

చిరంజీవి క్యాథరిన్‌కు అత్తయ్య ఆశీస్సులు.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. తర్వాత ఏడవకూడదు.

మా ఎదురింటి వీరరాఘవమ్మగారిని తోడు తీసుకుని నిన్న మార్నింగ్ షోకి వెళ్ళాను. నేను హాల్లో అడుగుపెట్టి పదకొండేళ్ళయింది. ఆవిడకి వరికోతల రోజుల్లో తప్ప సినిమా ఎప్పుడైనా ఇష్టమే. హాలు ముప్పాతిక వంతు నిండింది. భూతం గట్టు మీదికి ఎక్కి మొదటి మనిషిని చూసి, "ఏవండీ, తమరు శ్రమ అనుకోకపోతే ఒకసారి మింగవచ్చాండి?" అనేసరికి హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత అది 'అండీ' అన్నప్పుడల్లా నవ్వే. భూతానికి రేషన్ కార్డు ఇవ్వడానికి ఆఫీసులో అడ్రసు రుజువు అడిగినచోట వెనక వరసవాళ్ళు కుర్చీలు కొట్టారు. చివర్లో భూతం చెరువులో చచ్చిపోతే దాన్ని ముక్కలు కోసి కాటా వేసి అమ్ముతారే, అక్కడ ఒక్కరూ నవ్వలేదు. కాసేపు ఫ్యాన్ల చప్పుడే వినపడింది.

ఇక మాటలు. వీరరాఘవమ్మగారు, "ఎంత మర్యాదండి ఆ భూతానికి! మా అల్లుడికంటే నయం" అన్నారు. నవ్వీ నవ్వీ చివర్లో కొంగు కళ్ళకి పెట్టుకున్నారు. జంగారెడ్డిగూడెం నుంచి పొగాకు పని మీద వచ్చినవాళ్ళు ఇద్దరు మా ముందు వరసలో కూర్చున్నారు. "భయపెట్టని భూతానికి టిక్కెట్టెందుకండీ" అని ఒకాయన. "మీకు భయమెయ్యలేదేమో. ఆ వరస చూస్తుంటే నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడండి" అని రెండో ఆయన. చేపల చెరువులాయన ఒకరు, "మమ్మల్ని తిట్టడానికే తీశారు" అని ఇంటర్వెల్‌కే వెళ్ళిపోయారు. మన హాస్టల్లో చదివిన చాందిని కనపడింది, ఇప్పుడు డిగ్రీ. పాత సినిమా ఎప్పుడో ఆదివారం టీవీలో చూసిందట. "పాతది చూస్తే నవ్వొచ్చింది మేడం. ఇది చూస్తే భయమేసింది" అంది. నాకు నచ్చిన మాట ఇదొక్కటే. సైకిల్ స్టాండు దగ్గర ఒక ముసలాయన మాత్రం, "అన్నీ బాగున్నాయి గానీ, పాత భూతం నడిచినట్టు ఇది నడవలేదండి. ఆ నడకకి గుండె జారేది" అన్నాడు. మా అన్నయ్యేనండి అని నోటిదాకా వచ్చింది.

నోటిదాకా వచ్చి ఎందుకు ఆగిందో ఇప్పుడు చెబుతాను. సినిమా మొదట్లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వేశారు. "ఆనాటి భూతం పాత్రధారి కీ.శే. తోమాగారి దివ్యస్మృతికి." నేను లేచి నిలబడిపోయాను. వెనకవాళ్ళు కూర్చోమని అరిచారు. ఆ వెంటనే నీ పేరు పడింది, మాటల సహకారమని.

మీ నాన్న నిక్షేపంగా ఉన్నాడు. పోయిన నెలే నాకు కొర్రమీను పంపాడు. బతికున్న మనిషిని అడిగి ఒప్పించడం కష్టమని చంపేశావా? అది చాలక ఆ భూతం నోట నువ్వు పెట్టిన మాటలు ఎవరివో నాకు తెలియదనుకున్నావా? 'తమరు శ్రమ అనుకోకపోతే' అని ఈ జిల్లాలో తన పడవ ఎక్కేవాళ్ళని అడిగే మనిషి ఒక్కడే. కన్నతండ్రి మాట తీరుని నలుగురిలో నవ్వులపాలు చేసి, చివరికి కాటా వేయించావు.

నవ్వారు. అందరూ నవ్వారు. నువ్వడిగింది అదేగా, రాశాను.

తైలం రాసుకుంటున్నాను. గుణం లేదు.

నిర్మల


మారేడుమిల్లి,
18 ఆగస్టు 2004

అత్తయ్యా,

మీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. జనరేటర్ వ్యాను నీడలో కూర్చుని రాస్తున్నాను. కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను, అక్షరాలు చూసి విసుక్కోకండి.

ఆ 'కీ.శే.' నేను రాయలేదు. పూర్తయిన ప్రింటు నేను చూడనేలేదు. "ఆనాటి భూతం పాత్రధారి తోమాగారికి అంకితం" అని చీటీ మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. టైటిల్స్ చూసే ఆయన, "ఉన్నారా ఈయన?" అని అడిగాడు. ఉన్నారంటే ఎక్కడ అంటాడు, ఎక్కడంటే నీకెలా తెలుసంటాడు, మా నాన్నండీ అని చెప్పాలి. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. హాస్టల్లో ఆ పిల్ల పిలిచిన పిలుపు ఒక్కసారి చెవిలో పడింది. "నాకు తెలియదండి" అన్నాను.

అంతే అత్తయ్యా. అంత పాత సినిమావాళ్ళు ఇంకా ఎక్కడుంటారులే అని ఆయన రెండక్షరాలు కలిపి, అంకితాన్ని దివ్యస్మృతి చేశాడు. ఆయన చేసింది పొరపాటు. నేను చేసింది పొరపాటు కాదు.

మాటల సంగతి మాత్రం మీరు అనుకున్నట్టు కాదు. మొదట రాసినవాళ్ళు భూతం చేత బండబూతులు మాట్లాడించారు. నాకు అది నచ్చలేదు. దానికి నోరెలా ఉండాలి అని ఆలోచిస్తే నాకు తెలిసిన మెత్తని గొంతు ఒక్కటే గుర్తొచ్చింది. నవ్వించడానికి కాదు, దాని మీద ఇష్టం పుట్టాలని పెట్టాను. కాటా దగ్గర జనం నవ్వకుండా ఊరుకున్నారని రాశారు చూడండి, ఆ ముక్క పదిసార్లు చదువుకున్నాను.

ఇవాళే డైరెక్టరుగారికి నిజం చెప్పేశాను. "ముందే చెబితే మీ నాన్నగారిని విడుదలకి పిలిచేవాళ్ళం కదమ్మా" అన్నారు. ఆ టైటిల్ తీసెయ్యమని రేపు రాజమండ్రి వెళ్ళే బండిలో కబురు పంపుతున్నారు. అన్ని ఊళ్ళ ప్రింట్లూ మార్చడానికి వారం పడుతుందట.

ఎవరైనా వెళ్ళి నాన్నకి చెప్పేలోగా మీరు వెళ్ళండి. మోకాలు నొప్పని తెలిసీ అడుగుతున్నాను. నాకు షూటింగ్ సెప్టెంబరు రెండుదాకా ఉంది. వదిలేసి వస్తానంటే పంపిస్తారు గానీ, నేను వెళ్ళేసరికి ఆలస్యమవుతుందని భయం. ముందు మీరు చెప్పండి. నేను చేసింది కూడా దాచకుండా చెప్పండి.

క్యాథరిన్


గుమ్మళ్ళపాడు,
21 ఆగస్టు 2004, మధ్యాహ్నం

క్యాథరిన్‌కు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి ఆకివీడు, అక్కణ్ణుంచి పడవలో ఇక్కడికి వచ్చాను. మీ ఇంటికి తాళం వేసి ఉంది. పాపాయమ్మ అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

మనం ఆలస్యం చేశాం. మంగళవారం నుంచే జనం పరామర్శకి రావడం మొదలుపెట్టారట. మొదట ఆకివీడు నుంచి అబ్బాయిరాజుగారు. మీ నాన్న ఆయన చెరువుల మీద ఎనిమిదేళ్ళు పనిచేశాడు కదా, అభిమానం. దండ, అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చి తలుపు కొడితే మీ నాన్నే తీశాడట. పాపాయమ్మ చూసింది.

"ఎవరండి పోయింది?" అన్నాడట మీ నాన్న.

"తమరేనండి" అన్నాడట అబ్బాయిరాజుగారు, దండ వెనక్కి దాచుకుని.

లోపలికి పిలిచి, టీ పెట్టి ఇచ్చి, ఆయన చెప్పిందంతా విన్నాడట. ఆ తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. గురువారం ఆకివీడు రేవులో 'కన్నీటి నివాళి' అని గుడ్డ బ్యానరు కట్టారు. నిన్న పొద్దున ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తాళం వేసి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళాడట. ఆకివీడు రేవులో దిగాడు. ఆపైన చూసినవాళ్ళు లేరు. చెరువు గట్ల వైపు నడిచాడని ఒకరు, బస్టాండు వైపని ఒకరు. ఇవాళ్టికీ రాలేదు.

పక్క ఊరు వెళ్ళినా పాపాయమ్మకి చెప్పి వెళ్ళే మనిషి. నాకు భయంగా ఉంది. పొద్దున్నుంచీ ఏ గట్టు కనపడినా ఆగి నీళ్ళవైపు చూస్తున్నాను. నలుగురిని వెతకడానికి పంపాను. సాయంత్రంలోగా రాకపోతే స్టేషన్లో చెబుతాను.

ఏలూరు,
23 ఆగస్టు, సోమవారం

దొరికాడు. ముందు ఆ మాట రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను. పై కాగితం చించేద్దామనుకున్నాను. ఉండనీ, నేను పడ్డ యాతన నీకూ కొంత తెలియాలి.

శనివారం రాత్రి ఆకివీడు స్టేషన్లో చెప్పి ఇంటికి వచ్చాను. నిన్న పొద్దున వీరరాఘవమ్మగారి ఇంటికి ఫోను వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి, సినిమాహాలు మేనేజరు శ్యామ్ సుందర్ అట. "నిర్మలగారి అన్నగారినంటూ ఒక పెద్దాయన మా దగ్గర ఉన్నారండి. మొన్న చనిపోయినాయన" అన్నాడు. వీరరాఘవమ్మగారు ఫోను నా చేతికిచ్చి కింద కూలబడ్డారు. ఇద్దరం దొరికిన రైలెక్కి వెళ్ళాం.

మీ నాన్న హాలు క్యాంటీన్లో కూర్చుని ఉల్లిపాయ బజ్జీలు తింటున్నాడు. చుట్టూ పదిమంది.

జరిగింది ఇది. శుక్రవారం మ్యాట్నీ చూశాడు. ఫస్ట్ షో కూడా చూశాడు. రాత్రి స్టేషన్ బెంచీ మీద పడుకుని, శనివారం మళ్ళీ మార్నింగ్ షోకి వచ్చాడు. ఆ తర్వాత మేనేజరు గదికి వెళ్ళి, "ఏవండీ, తమరు శ్రమ అనుకోకపోతే ఆ కీర్తిశేషులన్న ముక్క తీయించగలరాండి? నేను ఇక్కడే ఉన్నానండి" అన్నాడు. మేనేజరు పకపకా నవ్వాడు. ఊళ్ళో వారం నుంచీ అందరూ ఆ భూతం మాటలే మాట్లాడుతున్నారట. సైకిల్ స్టాండువాడి దగ్గర్నుంచి ఉల్లిపాయల మార్కెట్టు హమాలీలదాకా. ఈయనా అలాంటి సరదా మనిషే అనుకుని, "భలే చేశారండి, అచ్చం దిగిపోయారు" అని టీ ఇప్పించాడు. మీ నాన్న ఎంత మర్యాదగా చెబితే అంత నవ్వారట. తను బతికున్నానని చెప్పడానికి తన నోరే అడ్డమైంది పాపం.

చివరికి మేనేజరు, "అయితే ఆ పాత భూతంలా నడిచి చూపించండి, నమ్ముతాం" అన్నాడు వేళాకోళానికి. శనివారం మ్యాట్నీ ఇంటర్వెల్లో లైట్లు వెయ్యగానే మీ నాన్న తెర ముందుకి వెళ్ళాడు. చెప్పులు విడిచాడు. భుజాలు వంచి, ఒక కాలు బురదలోంచి పీకినట్టు ఎత్తి, కాసేపు గాల్లోనే ఉంచి, దింపాడు. అలా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. కూల్ డ్రింకు సీసాల చప్పుడు ఆగిపోయిందట. చంటిపిల్ల ఒకతి కెవ్వుమంది. నరసింహమూర్తిగారని రైస్ మిల్లు గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, పాత సినిమా తొమ్మిదిసార్లు చూశాడట, కుర్చీ ఎక్కి నిలబడి, "అదే! ఆయనేనండి! ఆయనే!" అని కేకలు పెట్టాడు. ఆపైన హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇదంతా మేనేజరే నాకు చెప్పాడు, చెబుతూ రెండుసార్లు చెంపలు వేసుకున్నాడు. ఆపరేటరు ఆ రోజే టైటిలు ముక్క కత్తిరించేశాడు.

నేను వెళ్ళగానే తిట్టాను. "చెప్పి వెళ్ళకూడదా అన్నయ్యా?"

"పోయినవాడు ఎవరికి చెప్పి వెళతాడే" అన్నాడు.

"చూడాలనుకుంటే ఏలూరు రావచ్చుగా?"

"అక్కడ నువ్వున్నావుగా. ఆ సినిమా పేరెత్తితే నీ మొహం మాడిపోతుంది."

"నా మొహమా? నీకు బాధని కదా నేను ముప్ఫై ఏడేళ్ళుగా నోరెత్తకుండా ఉన్నది!"

"నాకెందుకు బాధ? మీరంతా సిగ్గుపడుతున్నారని నేను ఊరుకున్నాను" అన్నాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వీరరాఘవమ్మగారు ముందు నవ్వారు. తర్వాత మేమూ. బజ్జీ గొంతుకి అడ్డుపడేదాకా నవ్వాడు మీ నాన్న. వదిన పోయాక నేను అలా చూడలేదు.

నువ్వు చెప్పమన్నట్టే నీ సంగతంతా చెప్పాను. ఆ ఆఫీసులో నువ్వన్న మాట కూడా. గ్లాసు తిప్పుతూ విన్నాడు. "అంతమందిలో చెప్పడం కష్టమేలే" అన్నాడు. సినిమా ఎలా ఉందని అడిగితే, "వాళ్ళు నన్ను పద్నాలుగుసార్లు పొడిచారు, షాటు సరిగా రాలేదని. ఇందులో ఒక్క కోతలో అయిపోయింది, నయం" అన్నాడు. నీ మాటల గురించి మాత్రం ఒక్కటే అన్నాడు: "ఆ మాటలు నావి కావు. పిల్ల పొరపాటు పడింది."

పోయిన ఉత్తరంలో నిన్ను కఠినంగా అన్నాను. మాటలు వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. వేరుశనగ ఉండలు పంపుతున్నాను.

మీ అత్తయ్య


మారేడుమిల్లి,
27 ఆగస్టు 2004

అత్తయ్యా,

'దొరికాడు' అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. పై కాగితం చదువుతున్నంతసేపూ కింద ఇంకో కాగితం ఉందని నాకు తెలియలేదు. మా మేకప్ అమ్మాయి తులసి నా మొహం చూసి నీళ్ళు తెచ్చింది. మిగతాది తనకీ చదివి వినిపించాను. యూనిట్ మొత్తం ఇప్పుడు నాన్న నడక నడుస్తోంది. మా నాన్నండీ అని అందరికీ చెప్పాను. ఇరవై ఆరేళ్ళకి మొదటిసారి.

ఉండలు నాలుగు మిగిలాయి.

కానీ ఒక్కటి తొలుస్తోంది. "ఆ మాటలు నావి కావు" అన్నారంటే, వాటితో నాకు సంబంధం లేదని కదా? నవ్వుతూ అన్నారా, మొహం తిప్పుకుని అన్నారా? నన్ను క్షమించి, మాటల్ని మాత్రం వద్దనుకున్నారేమో. ఆయన గొంతుని అడక్కుండా తీసుకున్నాను. అది కూడా తప్పేనని ఇప్పుడు అనిపిస్తోంది. మీరొకసారి అడిగి రాస్తారా?

మీ
క్యాథరిన్


ఏలూరు,
31 ఆగస్టు 2004

చిరంజీవి క్యాథరిన్‌కు,

అడిగాను. నిన్న మందుల కోసం ఏలూరు వచ్చాడు. "అది దాన్నే వచ్చి అడగమను" అని, చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మొహం ఎటు తిప్పాడో నేను చూడలేదు. నన్నింక మధ్యలో పెట్టకండి.

నీ సినిమా ఇక్కడ మూడో వారం ఆడుతోంది. వీరరాఘవమ్మగారు రెండోసారి వెళ్ళారు, ఈసారి అల్లుణ్ణి తీసుకుని. తాడేపల్లిగూడెంలో మీ నాన్నకి శాలువా కప్పుతామని ఉత్తరం వచ్చింది. వద్దనుకున్నాడు గానీ, శాలువా రంగు ఏమిటని నన్ను అడిగాడు.

రెండున షూటింగ్ అయితే మూడున బయలుదేరు. నాకోసం ఏలూరులో దిగకు. నేరుగా ఊరికి వెళ్ళు.

నిర్మల


గుమ్మళ్ళపాడు,
6 సెప్టెంబరు 2004

అత్తయ్యకు,

శనివారం మధ్యాహ్నం ఇక్కడికి చేరాను. నాన్న ఆకివీడు రేవుకే పడవ తెచ్చి నిలబడి ఉన్నారు. ఎదురుగా వెళ్ళి, మారేడుమిల్లి నుంచి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, "తెలియదని చెప్పాను నాన్నా" అన్నాను. ఆయన నా సంచీ అందుకుని, "ఎక్కమ్మా, ఎండగా ఉంది" అన్నారు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య రాలేదు. రానక్కరలేదని రెండు రోజుల్లో నాకు అర్థమైంది.

నిన్న గుడి నుంచి వచ్చాక చేపలపులుసు నేను పెట్టాను. ఉప్పు ఎక్కువైంది. ఆయన తినేశారు. చెయ్యి కడుక్కునేటప్పుడు అడిగాను, "ఆ మాటలు మీవి కాకపోతే ఎవరివి?" అని. "రేపు ఆకివీడులో దిగబెట్టేటప్పుడు చెబుతాను" అన్నారు. నేను నిద్రపోలేదు. ఆయన హాయిగా గురక పెట్టారు.

ఇవాళ పొద్దున్నే పడవలో చెప్పారు. నేను తెడ్డు తీసుకున్నాను, ఆయనకి చేతులు ఖాళీగా ఉండాలని. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ తొడుగు రబ్బరు, గోనెలు, కొబ్బరిపీచు కలిపి కుట్టారట. గాలికి నోటి దగ్గర చిన్న కంత. మొదటిసారి నీళ్ళలోంచి లేచేసరికి లోపల నడుందాకా నీళ్ళు నిండి, అడుగు తియ్యాలంటే కాలు రావడం లేదు. అందుకే ఆ నడకట. ఎవరూ నేర్పలేదు, బరువు నేర్పింది. ఆ రోజు షాటులో భూతాన్ని చూసి కేకలు పెడుతూ పారిపోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళని తీసుకొచ్చారు. అందరూ పరుగెత్తారు. ఒకమ్మాయి మాత్రం అందరికన్నా వెనకపడి, తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. డైరెక్టరు ఆ అమ్మాయిని కేకలేశాడు. షాటు అయిపోయాక అందరూ భోజనాలకి వెళ్ళారు. తొడుగు విప్పేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నాన్న ఎండలో గట్టు మీద, ఆ తొడుగులోనే, ఒక్కరే కూర్చున్నారు.

ఆ అమ్మాయి ముంతతో నీళ్ళు తెచ్చి, ఆ కంత దగ్గరకి వంగి అడిగిందట.

"ఏవండీ, తమరు శ్రమ అనుకోకపోతే కాసిని నీళ్ళు తాగుతారాండి? లోపల బాగా ఉక్కగా ఉందాండి?"

లోపల ఎవరున్నారో, ముసలాడో కుర్రాడో కూడా ఆవిడకి తెలియదట. "భూతాన్ని అండీ అన్న మనిషి లోకంలో మీ అమ్మ ఒక్కతే" అన్నారు నాన్న. "నేనప్పటిదాకా మోటుగానే మాట్లాడేవాణ్ణి. పెళ్ళయ్యాక ఆవిడ మాట నాకంటుకుంది. ఆవిడ పోయాక ఆ మాట ఒక్కటే ఇంట్లో మిగిలింది. అందుకే దాన్ని పడవ ఎక్కిన ప్రతివాళ్ళ దగ్గరా వాడుతుండేవాణ్ణి, తుప్పు పట్టకుండా."

నేను తెడ్డు ఆపేశాను. పడవ పక్కకి తిరిగి తూటికాడల్లో దూరింది. ఆయన గమనించలేదు.

"రెండోసారి చూస్తే గానీ నాకు తెలియలేదమ్మా. కళ్ళు మూసుకుని విన్నాను. మీ అమ్మ కెజియా మాట్లాడుతున్నట్టే ఉంది. అందుకే మూడోసారి వెళ్ళాను. నువ్వు ఆరేళ్ళ పిల్లవి అప్పుడు. నీకు ఆవిడ గొంతు గుర్తులేదని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి."

నాకు నిజంగానే గుర్తులేదు అత్తయ్యా. అది నాన్న గొంతే అనుకుని రాశాను. ఆ సంగతి ఆయనకి చెప్పాను. "ఎవరి చేత్తో అందితేనేం, అందింది కదా" అన్నారు.

తూటికాడల్లోంచి పడవని ఆయనే బయటికి లాగారు. అక్కణ్ణుంచి ఆకివీడు రేవు దాకా మాట్లాడుతూనే ఉన్నారు. అమ్మ తొడుగు కుట్లు ఊడితే తాటినారతో కుట్టిందట. పెళ్ళిచూపులకి వెళితే అమ్మ ఆయన మొహం చూడకుండా నడిచొచ్చే కాళ్ళు చూసి, "ఈయనేనండి" అందట. సంఘపెద్దలు బల్లకి రావద్దన్న ఆరు నెలలూ, పెళ్ళి కాకముందే, ఆవిడ కూడా బల్లకి వెళ్ళకుండా వెనక బెంచీలోనే కూర్చుందట. ఇవేవీ మీకు కూడా తెలియవు కదా? నేను ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టుకోలేదు. వింటూ ఉన్నాను, అంతే.

రేవు చేరాక కూడా దిగలేదు. పడవ కట్టేసి అందులోనే కూర్చున్నాం. గట్టు మీద నా బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. "నీ బస్సు కదమ్మా" అన్నారు నాన్న. ఇంకోటి ఉందిలెండి అన్నాను. గంటకి అదీ వెళ్ళిపోయింది. ఆయన చెప్పడం అప్పటికి పెళ్ళి భోజనాల దాకా వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఇంటికి వచ్చేశాం. ఆయన పొయ్యి దగ్గర కూర్చుని అన్నం చూస్తూ, నేను ఉత్తరం ఎప్పుడు ముగిస్తానా అని ఎదురుచూస్తున్నారు. నేను పుట్టిన రోజు సంగతి చెప్పాలట.

ఉంటాను.

క్యాథరిన్